జపాను శాసనసభ్యుడు ఒజాకి యుకియొ: మూడు ప్రసంగములు

ఉపోద్ఘాతము

జపాను దేశపు నవీన చరిత్రము మన పాఠకులకు చాలవరకు యుద్ధముల చరిత్రముగనే పరిచితము. 1905లో రష్యాపై ఆ దేశము సాధించిన విజయము ఆసియా ఖండమునందు కలిగించిన సంచలనమును, 1941 మొదలు 1945 వరకు పసిఫిక్ మహాసముద్రమున సాగిన ఘోరయుద్ధమును, తుదకు హిరోషిమా, నాగసాకి నగరములకు వాటిల్లిన వినాశమును ఎరుగని విద్యావంతులు లేరు. సేనానుల పేరులును, నౌకాధిపతుల పేరులును విన్నవారు పెక్కురు గలరు. కాని ఆ దేశమున 1890వ సంవత్సరము నుండియు ప్రజలచే ఎన్నుకొనబడిన సభ యొకటి కలదనియు, ఆ సభలో నిలిచి సేనానులను ప్రశ్నించినవారు కొందరుండిరనియు, వారిలో నొకడు మొదటి ఎన్నిక నుండి 1953 వరకు, అనగా 63 సంవత్సరముల కాలము, ఎడతెగక సభ్యుడై యుండెననియు తెలిసినవారు అరుదు. ఆయనయే ఒజాకి యుకియొ.

జపానీయులు తెలుగువారివలెనే ఇంటిపేరును ముందుంచి పిదప పెట్టినపేరును చెప్పుదురు. ఒజాకి అనునది ఇంటిపేరు. యుకియొ అనునది పెట్టినపేరు. ఈ వ్యాసమున తక్కిన పేరులను గూడ ఆ క్రమముననే వ్రాసితిమి.

ఒజాకి వరుసగా 25 సార్వత్రిక ఎన్నికలలో గెలుపొందెను. రెండు మంత్రివర్గములలో మంత్రిగను, ఇంచుమించు తొమ్మిది సంవత్సరములు టోక్యో నగరాధ్యక్షుడుగను పనిచేసెను. ఇంత దీర్ఘమైన రాజకీయ జీవితమునకు ఈ పదవుల పట్టిక మిక్కిలి చిన్నది. ఆయన ప్రధానమంత్రి కాలేదు. పెద్ద పక్షము దేనికిని నాయకత్వము వహింపలేదు. పక్షములను పలుమార్లు విడిచెను. ఈ కారణములచేత కొందరు ఆయనను నిలుకడలేని వాగ్మిగ తలచిరి. మరికొందరు రాజ్యాంగ పరిపాలనకు దేవుడని పొగడిరి. ఈ రెండు తీర్పులును ఆయన చేసిన పనిని సరిగ నిరూపింపవని మా అభిప్రాయము.

ఒజాకి చేసిన లెక్కలేని ప్రసంగములలో మూడు దేశమును కదలించినవి. మొదటిది 1898లోను, రెండవది 1913లోను, మూడవది 1942లోను చేయబడినవి. మొదటిదానికిని కడపటిదానికిని నడుమ 44 సంవత్సరములు గడచినవి. విషయములు వేరు, వినినవారు వేరు. అయినను మూడింటను వివాదము చక్రవర్తి నామమునకు సంబంధించినదే. పూజ్యమైన ఒక నామమును అడ్డు పెట్టి ప్రజాప్రతినిధి నోరు మూయవచ్చునా అను ఒకే ప్రశ్న మూడుమార్లు మూడు రూపములలో తల యెత్తినది. ఆ ప్రశ్న చరిత్రమే ఒజాకి జీవిత చరిత్రమని ఈ వ్యాసమున నిరూపింప యత్నింతుము.

బాల్యము, రాజకీయ ప్రవేశము

ఒజాకి 1858వ సంవత్సరము డిసెంబరు నెలలో సగామి సీమయందలి త్సుకుయి ప్రాంతమున జన్మించెను. ఆయన పదవయేట పాత షోగునుల ప్రభుత్వము కూలి మెయిజి చక్రవర్తి పాలనము ప్రారంభమయ్యెను. తండ్రి కొత్త ప్రభుత్వమున ఉద్యోగియై ఊరూర మారుచు, తుదకు ఇసె పుణ్యక్షేత్రము గల ప్రాంతమున స్థిరపడెను. ఆ ప్రాంతమే పిమ్మట మియె మండలమని పిలువబడినది. అదియే ఒజాకిని జీవితాంతము ఎన్నుకొన్న నియోజకవర్గము.

1874లో ఒజాకి టోక్యో చేరి, పాశ్చాత్య విద్యల ప్రచారకుడైన ఫుకుజావా యుకిచి స్థాపించిన కెయొ విద్యాలయమున ప్రవేశించెను. అచ్చట చదువు ముగింపలేదు. తరువాత చేరిన యంత్రశాస్త్ర కళాశాలను గూడ విడిచెను. 1879లో, ఇరువది యేండ్ల ప్రాయమున, ఫుకుజావా సిఫారసుతో నీగతా పట్టణమందలి పత్రికకు సంపాదకుడయ్యెను. 1881లో ప్రభుత్వ గణాంక శాఖలో ఉద్యోగము లభించెను గాని, ఆ యేడే శాసనసభను త్వరగ స్థాపింపవలెనని కోరిన ఒకుమా షిగెనొబు ప్రభుత్వమునుండి తొలగింపబడగా, ఒజాకియు ఆయన వెంట వెలుపలికి వచ్చెను. అప్పుడే 1890 నాటికి శాసనసభను ఏర్పరతుమని చక్రవర్తి పేర వాగ్దానము ప్రకటింపబడినది. 1882లో ఒకుమా స్థాపించిన ప్రగతి పక్షమున ఒజాకి చేరెను.

1887 డిసెంబరులో ప్రభుత్వము శాంతిరక్షణ నిబంధన యొకటి ప్రకటించి, రాజకీయ ప్రచారకులను వందలకొలది రాజధానినుండి వెడలగొట్టెను. చక్రవర్తి ప్రాసాదమునకు మూడు రీల దూరము లోపల, అనగా ఇంచుమించు 12 కిలోమీటర్లలో, వారు నివసింపరాదు. ఒజాకికి మూడు సంవత్సరముల బహిష్కారము విధింపబడెను. ఈ సందర్భమున ఆయన చేసిన పని భాషాధ్యయనపరులకు ఆసక్తి కలిగించును. అంతవరకు ఆయన కలముపేరు గకుదో. వ్రాసిన అక్షరములను బట్టి దానికి విద్యామందిరమని అర్థము. బహిష్కార వార్త విని, ఉచ్చారణము మార్పకయే, మొదటి అక్షరమునకు బదులు విస్మయమను అర్థము గల వేరొక అక్షరమును గ్రహించెను. చెవికి పాత పేరే. కంటికి మాత్రము విద్యామందిరము విస్మయమందిరమైనది. చాలకాలమునకు పిమ్మట ఆ అక్షరమునందలి హృదయమును సూచించు భాగమును గూడ తొలగించి వ్రాసెను. బహిష్కార కాలమున అమెరికా, ఇంగ్లండు దేశములు పర్యటించి, అచ్చటి పార్లమెంటు పద్ధతులను కన్నులార చూచెను. మొదటి ఎన్నికల నాటికి స్వదేశమున నుండెను.

మెయిజి రాజ్యాంగమునందలి సందిగ్ధత

మూడు ప్రసంగముల తాత్పర్యము తెలియవలెనన్న 1889 ఫిబ్రవరి 11వ తేదీన ప్రకటింపబడిన రాజ్యాంగమును కొంత పరిశీలింపవలసి యున్నది. ఇది ప్రజలు వ్రాసికొన్నది కాదు. చక్రవర్తి ప్రజలకు అనుగ్రహించినది. 3వ అధికరణము చక్రవర్తి పవిత్రుడు, అనతిక్రమణీయుడు అని చెప్పుచున్నది. 5వ అధికరణము ప్రకారము ఆయన శాసనాధికారమును సభల సమ్మతితో వినియోగించును. 55వ అధికరణము మంత్రులు చక్రవర్తికి సలహా చెప్పి, ఆ సలహాకు బాధ్యత వహింపవలెనని విధించుచున్నది. ఆ బాధ్యత ఎవరికి? చక్రవర్తికా, సభకా? ఈ ప్రశ్నకు రాజ్యాంగము స్పష్టముగ ఉత్తర మీయలేదు. సభ బడ్జెటును ఆమోదింపనిచో వెనుకటి యేటి బడ్జెటునే అమలు జరుపుకొను అవకాశమును 71వ అధికరణము ప్రభుత్వమున కొసగినది.

మన చర్చకు ముఖ్యమైనది 52వ అధికరణము. సభ్యుడు సభలో పలికిన పలుకునకు గాని, ఇచ్చిన ఓటునకు గాని సభ వెలుపల అతనిపై చర్య తీసికొనరాదు. ఇది రక్షణ. కాని సభ్యుడు తన అభిప్రాయమును బహిరంగోపన్యాసము ద్వారమునను, అచ్చుద్వారమునను తానే ప్రచారము చేసినచో సామాన్య న్యాయమునకు లోబడును. కావున సభామందిరపు గడప ఒజాకివంటి వానికి కోటగోడ వంటిది. గడపకు లోపల పలికిన మాటకు కవచము కలదు. వెలుపల పలికిన మాటకు లేదు. మూడు ప్రసంగములలో రెండు గడప వెలుపల చేయబడినవి.

1890 జూలై 1న మొదటి ఎన్నిక జరిగెను. 25 సంవత్సరములు నిండి 15 యెన్నుల ప్రత్యక్షపు పన్ను చెల్లించు పురుషులకు మాత్రమే ఓటుండెను. అట్టివారు సుమారు నాలుగున్నర లక్షలు. జనాభాలో నూటికి ఒకరికంటె కొంచె మెక్కువ. ప్రతినిధుల సభలో స్థానములు 300. వానిలో నొకటి 31 సంవత్సరముల ఒజాకికి దక్కెను.

మొదటి ప్రసంగము: 1898

1898 జూన్ 30న జపానులో తొలి పక్ష మంత్రివర్గ మేర్పడెను. ఒకుమా ప్రధానమంత్రి, ఉదారపక్షపు పెద్ద ఇతగాకి తైసుకె హోంమంత్రి. సైన్య, నౌకా శాఖల మంత్రులు తప్ప తక్కిన వారందరు పక్షముల వారే. ఒజాకికి 39వ యేట విద్యామంత్రి పదవి లభించెను.

ఆగస్టు నెలలో సామ్రాజ్య విద్యాసంఘపు సభయందు ఒజాకి ధనారాధనమును గర్హించుచు మాట్లాడెను. జపాను ఎన్నటికిని గణతంత్రము కాబోదని ముందే చెప్పి, ఒకవేళ కలలోవలె అట్టి స్థితియే వచ్చినదనుకొన్నచో, నేడు ధనమునకు జరుగుచున్న పూజను బట్టి మిత్సుయి, మిత్సుబిషి వంటి వర్తక సంస్థలే అధ్యక్ష పదవికి అభ్యర్థులగునని ఎత్తిపొడిచెను. ప్రసంగ విషయము ధనము. గణతంత్రము దృష్టాంతము మాత్రమే. కాని విరోధులు దృష్టాంతమును పట్టుకొని విషయమును విడిచిరి. చక్రవర్తి విద్యామంత్రి నోట గణతంత్రమను పదము వెలువడుటయే ద్రోహమని ప్రతిపక్ష పత్రికలు ప్రచారము చేసెను. ఒజాకి ప్రాసాదమునకు పోయి క్షమాపణము చెప్పుకొన్నను చక్రవర్తి విశ్వాసము ఆయనపై లేదని ప్రధానమంత్రికి తెలుపబడెను. అక్టోబరులో ఒజాకి రాజీనామా యిచ్చెను. ఆయన స్థానమున ఇనుకాయి త్సుయొషిని నియమించుటతో మంత్రివర్గములోని రెండు వర్గముల వైషమ్యము తెగిపోవునంతవరకు వచ్చి, నవంబరు ప్రారంభమునకు ఆ మంత్రివర్గమే పడిపోయెను. నాలుగు నెలలకే తొలి ప్రయోగము ముగిసినది.

ఇచ్చట గమనింపవలసిన అంశములు రెండు గలవు. ఒజాకిపై ఏ న్యాయస్థానమునను అభియోగము లేదు. సభ ఆయనను నిరాకరింపలేదు. చక్రవర్తికి నచ్చలేదన్న ఒక్క మాట చాలినది. 55వ అధికరణమునందలి సందిగ్ధతకు ఆచరణలో ఉత్తరము ఇట్లు లభించెను: మంత్రి నిలుచుటయు తొలగుటయు ప్రాసాదపు గుమ్మమున నిర్ణయమగును. రెండవది, ఆ మంత్రివర్గమున యుద్ధమంత్రిగా నుండి, పక్షములతో సంబంధము లేక, దాని పతనమును కోరినవాడు సేనాని కత్సురా తారో. పదునాలుగేండ్ల పిమ్మట ఒజాకి ఆయనకే ఎదురు నిలిచెను.

నగరాధ్యక్ష పదవి

1900లో ఇతో హిరోబుమి స్థాపించిన సెయుకాయి పక్షమున ఒజాకి చేరెను, 1903లో విడిచెను, పిమ్మట మరల చేరెను. 1903 నుండి 1912 వరకు శాసనసభ్యత్వముతో పాటు టోక్యో నగరాధ్యక్ష పదవిని గూడ నిర్వహించెను. అమెరికా రాజధానియైన వాషింగ్టనునకు పుష్పించు చెర్రీ మొక్కలను పంపినది ఈ కాలముననే. 1910లో పంపిన రెండు వేల మొక్కలు పురుగుపట్టి యుండుటచే అచ్చట కాల్చివేయబడినవి. 1912లో మూడువేలకు పైగా మరల పంపబడి నాటబడినవి. బయటి దేశములలో ఒజాకి పేరు నిలిచినది ఈ పనివలననే గాని, మన విచారణకు దీనితో ఎక్కువ పని లేదు.

రెండవ ప్రసంగము: 1913

1912 జూలైలో మెయిజి చక్రవర్తి మరణించి తైషో చక్రవర్తి రాజ్యమునకు వచ్చెను. ఆ యేడు డిసెంబరులో సైన్యము కొరియా రక్షణకై రెండు కొత్త దళములను కోరగా, సైయొంజి కిమ్మొచి మంత్రివర్గము ధనాభావముచే నిరాకరించెను. యుద్ధమంత్రి రాజీనామా యిచ్చెను. సైన్యము వేరొక మంత్రిని పంపలేదు. ఉద్యోగమందున్న సేనానియే యుద్ధమంత్రి కావలెనను నియమ మప్పుడుండుటచే, సైన్యము మిన్నకుండిన మాత్రముననే మంత్రివర్గము కూలిపోయెను.

తరువాత ప్రధానమంత్రియైనవాడు కత్సురా. అంతకు కొలది నెలల ముందే ఆయన ప్రాసాదమున అంతరంగ ముద్రాధికారిగను, ప్రధాన పరిజనాధికారిగను ప్రవేశించి యుండెను. ప్రాసాదోద్యోగము నుండి ప్రభుత్వమునకు మరలి వచ్చుటకు చక్రవర్తి శాసనమును పొందెను. నౌకాశాఖ మంత్రి కొనసాగుటకు ఇష్టపడకపోగా దానికి మరియొక శాసనమును పొందెను. డిసెంబరు 19న టోక్యోలోని కబుకి నాటకశాలలో రాజ్యాంగ పరిరక్షణ సభ జరిగెను. ఒజాకియు, ఇనుకాయియు ఊరూర తిరిగి ప్రసంగించిరి.

1913 ఫిబ్రవరి 5న ప్రతినిధుల సభలో అవిశ్వాస తీర్మానము ప్రవేశపెట్టబడెను. దానిని ప్రతిపాదించుచు ఒజాకి పలికినదాని సారాంశ మిది: రాజభక్తిని, దేశభక్తిని తమ సొత్తుగా చెప్పుకొనువారు నిజమునకు సింహాసనము చాటున దాగి ప్రత్యర్థులపై గురి పెట్టుచున్నారు, వారికి సింహాసనము కోటగోడ, రాజశాసనములు తుపాకిగుండ్లు. 1898లో తనపై ప్రయోగింపబడిన ఆయుధమునే ఆయన ఇచ్చట ఎత్తి చూపెను. చక్రవర్తిని నిందింపలేదు, చక్రవర్తి నామమును వాడుకొనువానిని నిందించెను. ఈ భేదమును స్పష్టము చేయుటయే ఆ ప్రసంగపు బలము. రాజశాసనము వెనుకనున్న మంత్రిని ప్రశ్నించుట రాజద్రోహము కాదనియు, అట్లు ప్రశ్నింపకున్నచో 55వ అధికరణమునందలి బాధ్యతకు అర్థమే లేదనియు దాని తాత్పర్యము.

కత్సురా సభను ఐదు దినములు నిలుపుచేసెను. ఫిబ్రవరి 9న చక్రవర్తి సైయొంజిని పిలిపించి, వివాదమును శమింపజేయుమని తెలిపెను. అవిశ్వాస తీర్మానమును మానుకొనుమనుటయే దాని భావము. కోటగోడయు, తుపాకిగుండును మరల కనబడినవి. అయినను సెయుకాయి పక్షము తీర్మానమును ఉపసంహరించుకొనలేదు. ఫిబ్రవరి 10న వేలకొలది జనులు సభాభవనమును చుట్టుముట్టిరి. ప్రభుత్వానుకూల పత్రికల కార్యాలయములును, రక్షకభట నిలయములును దాడికి గురియైనవి. మరునాడు కత్సురా రాజీనామాకు సిద్ధపడెను. మంత్రివర్గము రెండునెలలైన నిలువకయే కూలినది. ఆ యేడే ఉద్యోగమందున్న సేనానులే సైనికశాఖల మంత్రులు కావలెనను నియమము సడలింపబడెను; 1936లో అది మరల విధింపబడినది.

ఈ ప్రసంగము గడపకు లోపల చేయబడినది. 52వ అధికరణపు కవచము దానికి కలదు. కాని కవచము వక్తను కాపాడునే గాని వాదమును గెలిపింపదు. గెలిపించినవి రెండు: రాజశాసనమునకు గూడ లొంగని సభాపక్షము, వీథులలోని ప్రజ. ఈ రెండును మరల ఒక్కచోట ఒజాకికి లభింపలేదు.

లోపములు, పరిణామము

ఒజాకిని పొగడువారు తరచు దాటిపోవు ఘట్టము ఒకటి గలదు. 1914 నుండి 1916 వరకు ఆయన రెండవ ఒకుమా మంత్రివర్గమున న్యాయమంత్రి. 1915 జనవరిలో చైనాపై 21 కోర్కెలను మోపినది ఆ మంత్రివర్గమే. యౌవనమున చైనాపై యుద్ధమును కోరుచు వ్రాసినవారిలో ఒజాకియు నొకడు. స్వదేశమున సేనానుల ఆధిపత్యమును ప్రతిఘటించినవాడు, పరదేశముపై అదే సేనాబలపు నీడలో మోపిన కోర్కెలకు బాధ్యుడైన మంత్రివర్గమున కూర్చుండుట విమర్శనీయమే. రాజ్యాంగవాదియగుటయు శాంతివాదియగుటయు ఒకటి కాదని దీనివలన తేలుచున్నది.

ఒజాకి శాంతివాదియైనది 1919లో. ఆ యేడు ఆయన ఐరోపాలో పర్యటించి, మహాయుద్ధముచే పాడుపడిన పట్టణములను, పొలములను చూచెను. గెలిచినవాడును ఓడినవాడును సమానముగ నశించిన యుద్ధమది అని గ్రహించెను. 1921 ఫిబ్రవరిలో నౌకాబలమును పరిమితము చేయుటకు ఇతర దేశములతో సంప్రదింపవలెనని ప్రతినిధుల సభలో తీర్మానము ప్రతిపాదించెను. అనుకూలముగ 38 ఓట్లు, ప్రతికూలముగ 285 ఓట్లు వచ్చినవి. సభలో ఓడినవాడు దేశమున పర్యటించి, సభికులకు తపాలాకార్డులు పంచి వారి అభిప్రాయమును సేకరించెను. అత్యధికులు ఆయనను సమర్థించిరి. ఆ సంవత్సరాంతమున వాషింగ్టనులో నౌకాబల పరిమితిని గూర్చి సమావేశము ప్రారంభము కాగా, జపాను అందు పాల్గొని 1922లో ఒడంబడికపై సంతకము చేసెను. సభలోని సంఖ్య దేశములోని అభిప్రాయమునకు సరియైన అద్దము కాదని ఒజాకి గ్రహించెను. అద్దమును సరిచేయు మార్గము ఓటు హక్కును విస్తరించుట. పూర్వము తొందర తగదన్న ఆయన ఇప్పుడు అందరి ఓటు హక్కు ఉద్యమమున ముందు నిలిచెను.

1925లో 25 ఏండ్లు నిండిన పురుషులందరికి ఓటు హక్కు లభించెను. ఓటర్లు సుమారు 33 లక్షలనుండి ఒక కోటి 24 లక్షలకు పెరిగిరి. అదే యేడు భావప్రచారమును శిక్షించు శాంతిరక్షణ చట్టము గూడ ఆమోదింపబడినది. ఒక చేత ఓటును, మరియొక చేత సంకెలను ఇచ్చినట్లాయెను. ఆ సంవత్సరమే ఇనుకాయి తమ చిన్న పక్షమును సెయుకాయిలో కలిపివేయగా, ఒజాకి దానిని విడిచి నాటినుండి స్వతంత్ర సభ్యుడుగ నుండెను. పక్షములు మారెనను నింద కిచ్చట సమాధానము చెప్పవచ్చును. ఆయన పక్షమును విడిచినప్పుడెల్ల అధికారమునకు దూరమగుచు వచ్చెను. పదవికై మారువాడు అధికార మున్న దిక్కునకు పోవును. ఒజాకి తుదకు పక్షమే లేని చోటికి చేరెను.

మూడవ ప్రసంగము: 1942

1931లో ఒజాకి అమెరికాకు పోయెను. ఆయన దేశాంతరమున నుండగనే మంచూరియాలో సైన్యము దాడి ప్రారంభించెను. 1932 ఫిబ్రవరి ఎన్నికలలో ఆయన స్వదేశమున లేకున్నను మియె ఓటర్లు ఆయననే ఎన్నుకొనిరి. ఆ యేడు మే 15న ప్రధానమంత్రియైన ఇనుకాయి నౌకాసైన్యాధికారుల చేత కాల్చి చంపబడెను. 1890 నుండి ఒజాకితో పాటు ఎడతెగక సభలో నుండిన మిత్రుడాతడు. ఆ సంవత్సరాంతముననే ఒజాకి భార్య లండనులో మరణించెను. 1933లో తిరిగి వచ్చిన ఒజాకి, చంపబడుదునను నిశ్చయముతో, తన సమాధిశిలకు బదులుగ చదువుకొనుడని ఒక వ్యాసము ప్రకటించెను. 1937 ఫిబ్రవరిలో మరణపద్యమును జేబులో నుంచుకొని సభకు వచ్చి సైన్యపు రాజకీయ జోక్యమును విమర్శించెను.

1940 ఫిబ్రవరి 2న సైతో తకావొ అను సభ్యుడు చైనా యుద్ధపు లక్ష్యమేమని సభలో ప్రశ్నించెను. 52వ అధికరణము ఆయనను న్యాయస్థానము నుండి కాపాడినది. కాని మార్చి 7న సభయే ఆయనను బహిష్కరించెను. వ్యతిరేకించి ఓటు వేసినవారు ఏడుగురు. ఆ యేటనే పక్షములన్నియు తమంత తాము రద్దయి, రాజ్యపాలన సహాయ సంఘమేర్పడెను. గడప లోపలి కవచమును బయటివా రెవ్వరును చీల్పలేదు; లోపలివారే విప్పి యిచ్చిరి.

1942 ఏప్రిల్ 30న ఎన్నికలు. తోజో హిదెకి ప్రభుత్వపు ప్రోద్బలముతో 466 స్థానములకు 466 మంది సిఫారసు అభ్యర్థులు నిర్ణయింపబడిరి. ఒజాకి సిఫారసు లేకయే పోటీచేసెను. ఈ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తోజోకు బహిరంగలేఖ వ్రాసెను. ఏప్రిల్ 12న తన చిరకాల సహచరుడు తగావా దైకిచిరోకు మద్దతుగ టోక్యోలో ప్రసంగించుచు, జపానులో వ్యాప్తియందున్న ఒక చాటువును ఉదాహరించెను. తాత కష్టపడి గడించిన యింటిని, మూడవ తరమువాడు చక్కని చదువు చదివియు నిలుపుకొనలేక, అందమైన చేవ్రాతతో అమ్మకపు పలక కట్టునని దాని భావము. మెయిజి కాలమువారు కష్టించి సాధించిన రాజ్యాంగ పరిపాలనమును మూడవ తరము వారు విలువ తెలియక పోగొట్టుకొనుచున్నారని ఒజాకి హెచ్చరిక.

మెయిజి, తైషో చక్రవర్తుల తరువాత మూడవవాడు షోవా చక్రవర్తి. కావున మూడవ తరమన్నది చక్రవర్తినేయని ప్రభుత్వము అభియోగము మోపెను. 83 సంవత్సరముల వృద్ధుడు నిర్బంధింపబడి సుగామొ చెరసాలలో ఉంచబడెను, పిదప విడువబడెను. 74వ శిక్షాసూత్రము ప్రకారము చక్రవర్తి యెడ అగౌరవమునకు మూడు నెలలు మొదలు ఐదేండ్ల వరకు శిక్ష కలదు. అభియోగము తలపై నుండగనే మియె ఓటర్లు ఒజాకిని గెలిపించిరి. సిఫారసు పొందినవారు 381 మంది గెలువగా, పొందనివారు 85 మంది గెలిచిరి. డిసెంబరులో టోక్యో న్యాయస్థానము ఎనిమిది నెలల శిక్ష విధించి, దాని అమలును రెండేండ్లు నిలిపివేసెను. నిలిపివేసిన శిక్షతో ఒజాకి తృప్తిపడలేదు. అత్యున్నత న్యాయస్థానమునకు నివేదించుకొనెను. 1944 జూన్ 27న మియాకె షోటరో అధ్యక్షతన న్యాయపీఠము ఆయన నిర్దోషియని తీర్పు చెప్పెను.

యుద్ధము తీవ్రముగ సాగుచున్న దినములలో, సైనికుడైన ప్రధానమంత్రి అధికారమందుండగ, ఈ తీర్పు వెలువడుట సామాన్యము కాదు. 1945 మార్చి 1న అదే న్యాయస్థానము కాగొషిమా రెండవ నియోజకవర్గమున 1942లో జరిగిన ఎన్నిక చెల్లదని తీర్పు చెప్పుట దీనితో కలిపి చదువదగినది. సభ తన కవచమును విప్పియిచ్చిన కాలమున న్యాయస్థానము దాని కొంత అంచును నిలిపి యుంచెను.

ఉపసంహారము

మూడు ప్రసంగములను సరిపోల్చి చూతము. 1898లో మాట గడప వెలుపలిది. శిక్ష ప్రాసాదము నుండి వచ్చెను. వక్త క్షమాపణము చెప్పుకొని తొలగెను. 1913లో మాట గడప లోపలిది, వక్త గెలిచెను, ప్రధానమంత్రి తొలగెను. 1942లో మాట మరల వెలుపలిది. శిక్ష న్యాయస్థానము నుండి వచ్చెను. వక్త క్షమాపణము చెప్పలేదు, వాదించి గెలిచెను. మొదటిమారు తలవంచిన వ్యక్తి కడపటిమారు వంచలేదు. 39 ఏండ్ల మంత్రికి కోల్పోవుటకు పదవి యుండెను. 83 ఏండ్ల స్వతంత్ర సభ్యునకు ఓటర్లు తప్ప వేరొక ఆధారము లేదు. ఆ ఆధారమే ఎక్కువ గట్టిదని తేలినది.

యుద్ధానంతరము 1945 డిసెంబరులో ఒజాకి ప్రపంచ సమాఖ్యను నిర్మింపవలెనని తీర్మానము ప్రతిపాదించెను. 1946 ఏప్రిల్ 10న స్త్రీలు మొదటిసారి ఓటు వేసిరి. 39 మంది స్త్రీలు సభకు ఎన్నికైరి. 1947 మే 3న అమలునకు వచ్చిన కొత్త రాజ్యాంగమున మంత్రివర్గము శాసనసభకు బాధ్యత వహించునని స్పష్టముగ వ్రాయబడినది. 1889 నాటి ప్రశ్నకు ఉత్తర మిట్లు లభించెను. ఒజాకిపై ప్రయోగింపబడిన అగౌరవాపరాధ సూత్రము ఆ యేడే రద్దయ్యెను. 1953 ఎన్నికలలో, 94వ యేట, ఆయన మొదటిసారి ఓడెను. సభ ఆయనకు గౌరవ సభ్యుడను బిరుదము నిచ్చినది. 1954 అక్టోబరు 6న మరణించెను. 1960లో శాసనసభా భవనము ఎదుట ఆయన స్మారక భవనము వెలసెను. ఆ ఆవరణమున శాసన, కార్యనిర్వహణ, న్యాయ శాఖలకు గుర్తుగ మూడు ముఖముల గడియార స్తంభము నిర్మింపబడినది. ఒజాకి జీవితమున ఈ మూడు శాఖలును ఒక్కొక్కప్పుడు ఒక్కొక్కటి తప్పుటయు, వేరొకటి నిలుచుటయు మనము చూచితిమి.

భారత రాజ్యాంగమున 105వ, 194వ అధికరణములు శాసనసభ్యుల వాక్స్వాతంత్ర్యమును రక్షించుచున్నవి. అచ్చటను రక్షణ సభలో పలికిన పలుకునకే. కావున ఒజాకి చరిత్రము మనకు పరాయిది కాదు. పరిశోధక విద్యార్థులకు దీనివలన ఒక పాఠము గలదు. రాజకీయ ప్రసంగమును చదువునపుడు ఏమి పలికెనని మాత్రమే విచారించినచో చాలదు. ఎచ్చట నిలిచి పలికెను, పలికిన పిదప అతనిని కాపాడిన వా రెవ్వరు, విడిచినవా రెవ్వరు అనియు విచారింపవలెను. సైతోను బహిష్కరించుటకు చేతు లెత్తినవారును ప్రజలెన్నుకొన్న ప్రతినిధులే. అభియుక్తుడైన వృద్ధుని మరల సభకు పంపినవారు మియెలోని సామాన్య ఓటర్లు. రాజ్యాంగము వ్రాతలో ఎంత గట్టిదైనను, దానిని నిలుపునది తుదకు ఇట్టివారి చేతులే.